అమ్మ చేతిని సాఫు చేసిన ఏడాది

పోయిన నెల, హైదరాబాదులో నేను చదువుకున్న యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. యానిమేషన్ చదివే చివరి సంవత్సరం పిల్లలు చేసిన చిన్న సినిమాలు చూసి మార్కులు వేయడానికి బయటి పరీక్షకురాలిగా రమ్మన్నారు. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. ఎక్కడికీ కదలబుద్ధి కావడం లేదు గానీ, "పోయి రా బిడ్డా, నాలుగు మొకాలు చూసినట్టుంటది" అని నాయినే బలవంతం చేశాడు. పొద్దున్నే ఖమ్మంలో బస్సెక్కి మధ్యాహ్నానికి అక్కడికి చేరాను. మా కాలంలో కంప్యూటర్ ల్యాబ్ ఉన్న గది ఇప్పుడు సామాన్ల గది అయింది. పిల్లలు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకుని ఎక్కడ నీడ ఉంటే అక్కడ కూర్చుని పని చేసుకుంటున్నారు. ఒకమ్మాయి మెట్లెక్కుతున్న ముసలాయన బొమ్మ చూపించింది. రంగులు బాగున్నాయి, వెలుగు బాగుంది. ఆయన మాత్రం పన్నెండు మెట్లూ నీళ్ల మీద తేలినట్టు ఎక్కేశాడు. "ఈయన మధ్యలో ఎక్కడైనా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఆగడా అమ్మా?" అని అడిగాను. "కింద ఒక బొమ్మ, పైన ఒక బొమ్మ ఇచ్చాను మేడం. మధ్యలోవన్నీ సాఫ్ట్‌వేరే వేసుకుంది" అన్నది. తప్పు చేసిన దానిలా కాదు, ఉన్న మాట చెప్పింది. మంచి మార్కులే వేశాను. ఆ పిల్లను ఏమీ అనే హక్కు నాకు లేదు. అదే వయసులో, అదే బిల్డింగులో నేను చేసిన పని గుర్తొచ్చి, తిరుగు బస్సులో ఖమ్మం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మేము సారపాకలో, కాగితం మిల్లుకు దగ్గరలో ఒక వరస కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లం. నాయినది కాంట్రాక్టు పని. లారీల్లో వచ్చిన వెదురు, నీలగిరి దుంగలు దించేవాడు. మిల్లు సైరనే మా గడియారం. సైరన్ కూస్తే పొయ్యి మీద ఎసరు పడేది, ఇంకోసారి కూస్తే నాయినకు స్నానానికి నీళ్లు కాగేవి. ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆయన వొంటి మీద నీలగిరి బెరడు వాసన, చెమట వాసన కలిసి ఉండేవి. స్నానం చేసి, తువ్వాల నడుముకు చుట్టుకుని, గడప పక్కన కూర్చుని వెదురు బద్దను సన్నటి పుల్లలుగా చీల్చేవాడు. ఆ పుల్లలు అమ్మకు. అమ్మ చండ్రుగొండ అవతల అడవిని ఆనుకుని ఉన్న ఊరి ఆడపిల్ల. ఇస్తరాకులు కుట్టే పని అక్కడి నుంచే తెచ్చుకుంది. భద్రాచలం హోటళ్లకూ, చుట్టుపక్కల పెళ్లిళ్లకూ కుట్టి ఇచ్చేది. ఎండిన మోదుగాకుల మీద నీళ్లు చల్లి, తడి గోనెసంచిలో చుట్టి పెడితే మధ్యాహ్నానికి మెత్తబడేవి. సంచి విప్పగానే ఇల్లంతా ఒక వాసన నిండేది. వాన పడ్డ తెల్లారి అడవిలోకి పోతే కాళ్ల కింద నుంచి వస్తుందే, ఆ వాసన. అన్నాలు తిన్నాక అమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, నాలుగు పుల్లలు పళ్ల మధ్య పట్టుకుని మొదలుపెట్టేది. పుల్లలు నోట్లో ఉన్నంతసేపు మాట్లాడేది కాదు. నేను ఏదైనా అడిగితే కనుబొమలతోనే జవాబు. పుల్ల గుచ్చడం, తిప్పి పైకి తేవడం, పుటుక్కున విరవడం. ఆ పుటుకు పుటుకు చప్పుడు వింటూనే నేను హోంవర్క్ రాసుకునేదాన్ని. అమ్మానాయినలు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం నేను పెద్దగా చూడలేదు గానీ, ఆయన చీల్చిన పుల్ల తప్ప ఇంకెవరు చీల్చి ఇచ్చినా అమ్మకు నచ్చేది కాదు.

లాంగ్ నోట్‌బుక్ మూలల్లో నేను బొమ్మలు వేసేదాన్ని. ఒక పేజీలో కొంగ రెక్క కిందికి, తర్వాతి పేజీలో కొంచెం పైకి, ఆ తర్వాత ఇంకొంచెం పైకి. పేజీలు గబగబా తిప్పితే కొంగ ఎగిరేది. ఒకరోజు అమ్మ చేతికిస్తే, ఆకుల తడి పైటకు తుడుచుకుని మరీ అందుకుంది. రెండుసార్లు తిప్పి, నోట్లో పుల్లలు కింద పడేట్టు నవ్వింది. "ఓ పిల్లా, ఇది పోతాందే!" అన్నది. మా ఇంట్లో ఆ కొంగను నమ్మిన మొదటి మనిషి అమ్మ. అందుకే ఇంటర్ అయ్యాక, హైదరాబాదులో కంప్యూటర్ మీద బొమ్మలు వేసి కదిలించే డిగ్రీ ఒకటి ఉందని మా కాలేజీ లెక్చరర్ కాగితం తెచ్చిచ్చినప్పుడు, నాయిన కంటే ముందు ఆమెకే చెప్పాను. నాయినకు అది అసలు అర్థం కాలేదు. "బొమ్మలకు యూనివర్సిటీ ఏంది? నీకు వచ్చుగదా వేసుడు" అన్నాడు. దానికి అమ్మ, "కుట్టుడు నాకు చిన్నప్పటి సంది వచ్చు. అయినా మా అమ్మ పక్కన కూసుండే గదా చెయ్యి తిరిగింది. దానికి పక్కన కూసోబెట్టుకునేటోళ్లు ఎవలన్న ఉండాలె. పోనియ్" అన్నది. నాయిన పెద్ద సంచి ఒకటి కొనుక్కొచ్చి మంచం మీద పెట్టాడు.

యూనివర్సిటీలో ఆ కంప్యూటర్ ల్యాబ్‌లోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. లోపల ఏసీ చలికి చేతులు కొంకర్లు పోయేవి. వెనక ఎద్దు మూపురంలాంటి గూడు ఉన్న పెద్ద పెద్ద మానిటర్లు. పట్నం పిల్లలు వాటి ముందు ఇంట్లో కూర్చున్నట్టు కూర్చునేవాళ్లు. నేను అంతకు ముందు మౌస్ ముట్టుకోలేదు. నా హాస్టల్ రూమ్మేట్ కరుణది మధిర. ఆమే మొదటి రోజు నా పక్కన కూర్చుని, "అంత గట్టిగా పట్టుకోకే, అదెక్కడికీ పారిపోదులే" అని నవ్వించి నేర్పింది. మాకు ముఖ్యమైన పాఠాలు చెప్పేది మూర్తి సార్. తక్కువ మాట్లాడే మనిషి. సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు, ప్రతి బొమ్మకూ ఒక కారణం ఉండాలి అనేవాడు. మొదటి ఏడాది నేను వేసిన మనిషి నడకను మూడుసార్లు తిప్పి చూసి, "నీకు చెయ్యి ఉందమ్మా. చూపే ఇంకా రాలేదు" అన్నాడు. ఆ మాట నన్ను ఎంత కుదిపిందంటే, బస్టాపుల్లో, మెస్ లైనులో, ఎక్కడ నిలబడ్డా మనుషుల మోకాళ్లు, మోచేతులు చూస్తూ ఉండిపోయేదాన్ని. గిన్నె ఎత్తే ముందు మనిషి వొళ్లు ఎటు వంగుతుంది, కూర్చునేవాళ్లు కుర్చీని ముందు కంటితో చూస్తారా చేత్తో తడుముతారా. రెండేళ్లు పోయేసరికి సార్ నా బొమ్మలు చూసి ఏమీ అనకుండా తర్వాతి వాళ్ల దగ్గరికి పోయేవాడు. ఆయన దగ్గర అదే మెచ్చుకోలు.

చివరి ఏడాది ఒక్కొక్కరం రెండు నిమిషాల సినిమా చెయ్యాలి. అమ్మ ఇస్తరాకు కుట్టడం చేస్తానన్నాను. సార్ ఒప్పుకున్నాడు. దసరా సెలవులకు డిపార్ట్‌మెంటు వీడియో కెమెరా సంతకం పెట్టి తీసుకుని సారపాక పోయాను. నేను కెమెరా సర్దుకుని తలెత్తేసరికి అమ్మ పెట్టెలోంచి పెళ్లినాటి చీర తీసి కట్టుకుని కూర్చుంది.

"రోజూ ఎట్ల ఉంటవో గట్లనే ఉండమ్మా."

"గా పాత చీరె మీద నన్ను పట్నపోళ్లకు చూపిస్తవా?"

"వాళ్లు చీర చూడరు. నీ చేతులు చూస్తరు."

"చేతులల్ల ఏమున్నదే చూడనీకి" అని గొణుక్కుంటూనే పోయి మార్చుకుని వచ్చింది. మూడు మధ్యాహ్నాలు తీశాను. రెండో రోజుకే కెమెరాను మరిచిపోయింది. మూడో రోజు నేను ఉన్నాననీ మరిచిపోయింది. నాయిన గడప దగ్గర పుల్లలు చీల్చుతూ, తన మోచెయ్యి బొమ్మలో పడుతుందేమోనని జరిగి జరిగి కూర్చునేవాడు.

తిరిగి వచ్చి ఆ వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. ఒక్కో బొమ్మ దగ్గర ఆపి, దాన్ని చూస్తూ గీత గీయాలి. గుచ్చడానికి ఆరు బొమ్మలు, తిప్పి పైకి తేవడానికి ఎనిమిది, విరవడానికి మూడు. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న పుటుకు చప్పుడు మూడే బొమ్మల పని అని తెలిసి ఆ రోజు ఎంత సంబరపడ్డానో. మొదటి ఇస్తరాకు అట్లాగే సాగింది. రెండోదాంట్లో, పుల్ల గుచ్చబోయే ముందు చెయ్యి గాల్లో ఆగుతోంది. ఒకచోట పది బొమ్మలు, ఒకచోట పద్నాలుగు. ఆకు తీసుకోవడానికి ఎడమచెయ్యి పక్కకు పోయినప్పుడు కుడిచెయ్యి ఊరికే మోకాలి మీద ఉంటుంది గదా, అప్పుడు బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుతోంది. ఏదో చిన్న గింజను నలుపుతున్నట్టు. అయిదు బొమ్మలకోసారి అదే చోటికి తిరిగి వస్తోంది. కెమెరా కదిలిందేమో అనుకున్నాను. కెమెరా కదిలితే గోడ కదలాలి, ఆకు కదలాలి. అవి కదలడం లేదు. మామూలుగా చూస్తే ఎవరికీ కనబడదు. ఒక్కో బొమ్మా ఆపి చూస్తున్న నాకు కనబడింది.

మరునాడు ఫోన్ డబ్బా నుంచి మా పక్కింటికి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. "పానం బాగున్నదా?" అని అడిగితే, "బాగనే ఉన్న. నువ్వు తింటున్నవా?" అన్నది. చెయ్యి సంగతి అడగాలని ఉండి కూడా అడగలేదు. అలసిపోయి ఉంటుంది, అంతే అనుకున్నాను. అట్లా అనుకుంటే నా పని ఆగదు.

సగం సినిమా అయ్యాక సార్‌కు చూపించాను. రెండుచోట్ల వేలు పెట్టి, "ఇక్కడ తడబడుతోంది. ఇక్కడ కూడా. లయ తెగిపోతోంది, సాఫు చెయ్యి" అన్నాడు. "సార్, వీడియోలో అట్లాగే ఉంది" అన్నాను. "వీడియో వీడియోనే అమ్మా. నువ్వు చేస్తున్నది సినిమా." ఆయన తప్పు లేదు. అమ్మ వొంట్లో ఏదో బాగాలేదేమోనన్న నా అనుమానం నేను చెప్పలేదు. సీటులో కూర్చుని, రెండు రోజుల్లో నలభై మూడు బొమ్మలు తీసేశాను. మోకాలి మీది చెయ్యి బదులు కదలని చెయ్యి ఒకటి గీసి పెట్టాను. అమ్మ చెయ్యి ఏరులా సాగిపోయింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. కరుణ నన్ను గిర్రున తిప్పింది.

ఏడాది చివర తల్లిదండ్రులను పిలిచి పిల్లల సినిమాలు చూపించే రోజు ఒకటి ఉండేది. అమ్మానాయినలు భద్రాచలంలో బస్సెక్కి వచ్చారు. అమ్మ హైదరాబాదు రావడం అదే మొదలు. హాలులో నా పక్కన కూర్చుంది, కుడిచేతిని ఎడమచేతిలో పెట్టుకుని. రెండు నిమిషాలు రెప్ప వేయకుండా చూసింది. దీపాలు వెలిగాక అందరూ చప్పట్లు కొట్టారు, నాయిన అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. అమ్మ కొట్టలేదు. బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక అన్నది.

"మంచిగ చేసినవు బిడ్డా. కానీ గా చెయ్యి నాది కాదు."

"నీదే అమ్మా. నీ చెయ్యి చూసే గీసిన."

"ఎప్పటి చెయ్యో అది. ఇప్పుడు నాది గంత జల్దీ నడుస్తలేదు. ఏడాది సంది ఈ బొటనేలు దానంతటదే ఆడుతాంది. మూడు దినాలు నా ముంగట కెమెరా పట్టుకొని కూసున్నవు గదా, నీకు కనవడలేదా?"

నాయిన దగ్గరికి వచ్చాడు. "ఏందది? ఏం ఆడుతాంది?" ఆయనకు తెలియదు. రోజూ ఎదురుగా కూర్చుని పుల్లలు అందించే మనిషికి తెలియదు.

"కనబడలేదమ్మా" అన్నాను.

అమ్మ నా మొఖం వైపు చూసి, తల తిప్పుకుంది. నా జీవితంలో అబద్ధాలు చాలా ఆడి ఉంటాను. గుర్తున్నది ఇదొక్కటే.

మరునాడు పెద్ద దవాఖానాకు తీసుకుపోయాము. డాక్టర్ చేతులు చాపమంటే చాపింది, వేళ్లు ముడవమంటే ముడిచింది. భయానికి వొళ్లంతా బిగబట్టుకుంది. మిగతా సమయమంతా బొటనవేలిని పిడికిట్లో దాచి పట్టుకుంది. "ఎప్పుడు మొదలైందమ్మా?" అంటే, "యాదికి లేదు సారూ" అన్నది. డాక్టర్ కాగితం మీద ఏదో రాయబోతుంటే, నేను సంచిలోంచి కెమెరా తీశాను. పొద్దున్నే డిపార్ట్‌మెంటుకు పోయి, ఎందుకో చెప్పకుండా అడిగి తెచ్చుకుని, దాచుకున్న దసరా నాటి టేపు అందులో పెట్టుకున్నాను. ఆ చిన్న తెర మీద మూడో రోజు మధ్యాహ్నాన్ని చూపించాను. "ఇక్కడ చూడండి సార్, మోకాలి మీద. ఇక్కడ గాల్లో ఆగింది. ఇక్కడ కూడా." ఎక్కడెక్కడ ఆగిందో నాకు వెతుక్కోవలసిన పని లేదు. డాక్టర్ రెండుసార్లు చూశాడు.

"ఇది ఎప్పుడు తీశారు?"

"దసరా సెలవుల్లో."

"అప్పుడే వచ్చి ఉంటే ఇన్ని నెలలు ఈమెకు ఇంత కష్టం ఉండేది కాదు. నరాల జబ్బు. పూర్తిగా పోదు. మందులు వాడితే చాలా ఏళ్లు నెమ్మదిగా ఉంటుంది" అన్నాడు.

నాయిన మందుల లైనులో నిలబడ్డాడు. మేమిద్దరం గోడ పక్కన అరుగు మీద కూర్చున్నాము. అమ్మే మొదలుపెట్టింది.

"కనవడ్డది గదా నీకు."

"అవ్ అమ్మా."

"మరెందుకు చెప్పలె?"

"బొమ్మ ఖరాబైతదని."

ఆ మాట నోట్లోంచి వచ్చాకే దాని బరువు నాకు తెలిసింది. అమ్మ వచ్చేపోయేవాళ్లను చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ వణికే చేతినే తెచ్చి నా తొడ మీద పెట్టింది. ఇప్పుడు దాచలేదు. "నేను గూడ ఎవ్వలకు చెప్పలె. కుట్టుడు బంద్ చేపిస్తరని. నీ పని కోసం నువ్వు దాసినవు, నా పని కోసం నేను దాసిన. ఇద్దరం ఇద్దరమే. ఏడ్వకు, మీ నాయిన చూస్తడు" అన్నది.

వాళ్లను బస్సెక్కించి వచ్చి మూర్తి సార్‌కు అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి ల్యాబ్ తాళం చెవులు నా చేతిలో పెట్టాడు. పరీక్షలు అయిపోయాయి, మార్కులు వచ్చేశాయి, ఇక ఆ సినిమాతో ఎవరికీ పని లేదు. వారం రోజులు ఒక్కదాన్నే కూర్చుని, తీసేసిన నలభై మూడు బొమ్మలనూ మళ్లీ గీసి వాటి చోట్లలో పెట్టాను. మోకాలి మీది చేతిని ఉన్నది ఉన్నట్టు గీశాను. సార్ వచ్చి చూశాడు. లయ గురించి ఏమీ అనలేదు. "అమ్మగారు ఎట్లా ఉన్నారు?" అని అడిగాడు. భద్రాచలంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో అమ్మకు చూపించాను. "అవ్, గిది నేనే" అన్నది. కొంచెం ఆగి, "గింత మెల్లగ కుడుతున్ననా?" అని తనే నవ్వింది.

ఆ తర్వాత నేను హైదరాబాదులో పిల్లల కార్టూన్లు చేసే చోట చాలా ఏళ్లు పని చేశాను. అమ్మకు మందులు నిజంగానే సాయం చేశాయి. తొమ్మిదేళ్లు కుట్టింది, రోజుకు వంద నుంచి యాభైకి, యాభై నుంచి పదికి. ఒకరోజు సంచి విప్పకుండానే పక్కన పెట్టేసింది. అప్పుడు నేను ఉద్యోగం మాని ఖమ్మం వచ్చి, ఒక కాలేజీలో పిల్లలకు ఇదే విద్య చెబుతూ, అమ్మానాయినలిద్దరినీ నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా క్లాసులో ఎవరూ చెప్పులు విడవరు, ఎవరి చేతులూ కొంకర్లు పోవు. మేము నెల రోజులు గీసింది వాళ్లు మధ్యాహ్నంలోపు చేసేస్తారు. అది చూసి నాకు బాధ లేదు, ఆ వేగం మాకుంటే మేమూ వాడేవాళ్లమే. కాకపోతే మేము తప్పు చేయాలంటే కూడా ఒక్కో బొమ్మా చెరపవలసి వచ్చేది. చెరిపేదేమిటో కళ్లారా చూసి చెరపవలసి వచ్చేది. ఇప్పటి పిల్లలకు ఆ సాఫు చేయడం ముందే చేసి ఇస్తున్నారు. ఏం పోయిందో వాళ్లకు కనబడే దారి లేదు. అందుకే ప్రతి ఏడాదీ మొదటి నెల కంప్యూటర్ తెరవనివ్వను. ఇంట్లో ఒక మనిషిని, ఒక పనిని చూసి రమ్మంటాను. కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం చూసి వచ్చి, ఎందుకో నెమ్మదిగా మాట్లాడతారు.

చివరి రెండేళ్లు అమ్మకు అన్నం తినడమే పెద్ద పని అయింది. ఎవరు తినిపించినా ఒప్పుకునేది కాదు. ముద్ద కలుపుకుని ఎత్తేది, చెయ్యి సగం దారిలో ఆగిపోయేది. నాయిన కంగారుపడి చెయ్యి పట్టుకుని నోటికి తోసేవాడు. ముద్ద ఒళ్లో పడేది, అమ్మ కళ్లల్లో కోపంతో నీళ్లు తిరిగేవి. "ఆగు నాయినా, దానంతటదే పోతది" అని నేను ఆపేదాన్ని. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని లోలోపల లెక్కపెట్టేదాన్ని. యాభై, అరవై. కొన్నిసార్లు రెండు వందలు. చెయ్యి కదిలేది, ముద్ద నోటికి చేరేది, అమ్మ గెలిచినట్టు నా వైపు చూసేది. ఇట్లా ఒక్కో పూట అన్నానికి గంట పట్టేది, మాకు తొందర ఏమీ లేదు. పోవడానికి నాలుగు రోజుల ముందు, పెరుగన్నం ముద్ద ఎత్తి ఆగింది. రెండు వందలు దాటింది. మూడు వందలు దాటింది. నేను లెక్క తప్పాను. అమ్మ నన్ను చూసి, పెదవులు కదిలించింది. దగ్గరికి వంగితే వినబడింది.

"పట్టు బిడ్డా."

కింద నుంచి ఆమె చేతిని పట్టుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందో. ఇద్దరం కలిసి, మెల్లగా, ఆ ముద్దను నోటిదాకా తీసుకుపోయాము.